జున్ను కారెక్కిన కథ: నాలుగున్నర నెలల శిక్షణ, 450 కిలోమీటర్ల సంక్రాంతి ప్రయాణం

నేను కుక్కలకి శిక్షణ ఇస్తుంటాను. జున్ను అనే కుక్కపిల్లని మొదటిసారి చూసింది ఆగస్టు చివరి ఆదివారం, మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. చూశాను అంటే, దాని వీపు చూశాను. కారు కనిపించగానే అది పిల్లర్ వైపు తిరిగి కూర్చుంది. తోక కాళ్ల మధ్య, చెవులు వెనక్కి. "ఇంతే సార్, ఇక్కణ్ణుంచి అడుగు కదలదు. ఎత్తి కూర్చోబెడితే పది నిమిషాల్లో కక్కేస్తుంది" అన్నాడు దాన్ని పెంచుకుంటున్న దంపతుల్లో భర్త. "సంక్రాంతికి మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాలండీ. దీన్ని వదిలేసి వెళ్లలేం. ఎలాగైనా రెడీ చెయ్యాలి" అంది భార్య.

ఊరు కోనసీమలో, అంబాజీపేట దగ్గర. మియాపూర్ నుంచి 450 కిలోమీటర్ల పైచిలుకు. చేతిలో ఉన్నది నాలుగున్నర నెలలు.

యజమానుల అనుమతితోనే రాస్తున్నాను. జున్ను అసలు పేరు కాదు గానీ అసలు పేరు కూడా తినేదే. ఆడకుక్క, మన దేశీ జాతి, లేత మీగడ రంగు. మే నెలలో కాలనీలో ఒక ఖాళీ ప్లాటు దగ్గర దొరికింది. అప్పటికి పది వారాలు ఉంటాయని డాక్టర్ అంచనా. నేను చూసేనాటికి ఐదున్నర నెలలు, తొమ్మిది కిలోలు. ఇంట్లో ఏ సమస్యా లేదు. లిఫ్ట్ ఎక్కుతుంది, వాచ్‌మన్ పిల్లలతో ఆడుతుంది, బయట మలమూత్రాల అలవాటు కూడా అయిపోయింది. సమస్యల్లా కారే.

నాకంటే ముందు ఒకాయన వచ్చి వెళ్లాడట. మెడకి చోక్ చైన్ (లాగితే బిగుసుకునే గొలుసు) వేసి కారులోకి లాగాడు. "కుక్కకి మీరే బాస్ అని తెలియాలి, లేకపోతే నెత్తినెక్కుతుంది" అని చెప్పాడు. ఈ బాస్ సిద్ధాంతం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త నిర్బంధంలో ఉన్న తోడేళ్లని చూసి రాసిన దాన్నుంచి పాకింది. దాన్ని జనంలోకి తీసుకెళ్లిన వాళ్లలో ఒకడైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ల మంద అంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉండే కుటుంబమేనని 1999లో తనే రాశాడు. ఆ సంగతి మన చోక్ చైన్ల దాకా ఇంకా రాలేదు.

ఆ లాగుడు గురించి వినగానే నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఇది భయం కేసు. భయానికి నా దగ్గర రెడీగా ఒక పద్ధతి ఉంది. దూరం నుంచి మొదలుపెట్టి, ప్రతి అడుగుకీ ఉడికించిన చికెన్ ముక్క ఇస్తూ, కారుని మంచి వస్తువుగా మార్చడం. పదిసార్లు పనిచేసిన పద్ధతి. మొదటి వారం బాగానే సాగింది. తలుపు దాకా వచ్చింది, ముందు కాళ్లు సీటు మీద పెట్టింది. నాకు ఉత్సాహం వచ్చింది. రెండో వారంలోనే కాలనీ చుట్టూ ఒక రౌండ్ తిప్పమన్నాను, దారంతా చికెన్ పెడుతూ.

మూడో వారంలో ఫోన్. "సార్, ఇంట్లో గిన్నెలో పెట్టినా చికెన్ ముట్టట్లేదు. వాసన చూసి వెళ్లిపోతోంది."

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. తిన్న తర్వాత కడుపులో తిప్పితే, ఆ తిండి మీద అసహ్యం పుట్టడానికి ఒక్కసారి చాలు. జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త 1955లో ఎలుకల మీద దీన్ని చూపించాడు. తియ్యటి నీళ్లు తాగించి, రేడియేషన్‌తో వాటికి వికారం కలిగేలా చేస్తే, తర్వాత ఆ తీపి జోలికే పోలేదు. మనకీ అంతే. చిన్నప్పుడు జ్వరంలో తిని కక్కుకున్న పదార్థం పెద్దయ్యాక కూడా సహించదు. జున్నుకి కారులో కడుపు తిప్పుతుంటే నేను దాని నోట్లో చికెన్ పెట్టిస్తూ పోయాను. దానికి అత్యంత ఇష్టమైన తిండిని నేనే చేదు చేశాను.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. "అసలు మొట్టమొదటిసారి కారెక్కినప్పుడు ఎలా ఉంది?" ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. చివరికి ఆమె ఫోన్ గ్యాలరీలో వెనక్కి వెళ్లి వెళ్లి ఒక వీడియో బయటికి తీసింది. జూన్ మొదటి వారం, మొదటి టీకా రోజు. పిల్ల తోక ఊపుతూ తనంతట తనే కారులోకి ఎక్కుతోంది. సీటు వాసన చూసింది, ఆమె చున్నీ కొరికింది, ఒళ్లో కూర్చుంది. మూడున్నర నిమిషాలకి ఆట ఆగిపోయింది. గుటకలు మింగడం మొదలైంది. తర్వాత మూతి నాక్కోవడం, ఒకటి రెండు ఆవులింతలు, పెదవి కింద తీగలా సాగిన చొంగ. ఎనిమిదో నిమిషంలో వాంతి. వీడియోలో ఆవిడ నవ్వుతూ "అయ్యో నా డ్రెస్సు" అంటోంది.

ఆ పిల్లలో భయం ఎక్కడా లేదు. ఉన్నది వికారం ఒక్కటే.

కుక్కపిల్లల్లో ఇది మామూలే. శరీరం ఎటు ఊగుతోందో చెప్పే లోపలి చెవి వ్యవస్థ ఇంకా పూర్తిగా కుదురుకోకపోవడం ఒక కారణం. చాలా కుక్కలకి ఏడాది వయసు వచ్చేసరికి దానంతట అదే తగ్గుతుంది. కానీ ఈలోపు జున్ను కారెక్కిన ఐదుసార్లూ క్లినిక్‌కే వెళ్లింది. దారిలో కడుపు తిప్పడం, దిగగానే సూది. పైగా కుక్కపిల్ల మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకంలో ఏది మంచిది ఏది చెడ్డది అని లెక్క రాసుకునే కాలం. ఆ కాలంలో మిగిలిన నాలుగు వారాల్లో కారు పేరు ఎర్ర సిరాతో రాసేసుకుంది. ఆ తర్వాత కారు కదలక్కర్లేదు, కనిపిస్తే చాలు, చొంగ మొదలు. పావ్లోవ్ కుక్కలు తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే చొంగ కార్చాయని స్కూల్లో చదువుకున్నాం కదా, అదే సూత్రం, తిరగబడి. వికారం ముందు, భయం దాని వెనకాల. నేను వెనకదాన్ని పట్టుకుని లాగుతూ కూర్చున్నాను.

సెప్టెంబరు మూడో వారంలో డాక్టర్ దగ్గరికి పంపాను. నడిపించే, కారులో కాదు. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదని తేల్చాక, ఆయన దూర ప్రయాణాల కోసం మారోపిటెంట్ అనే వాంతుల మాత్ర రాశారు. బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు వెయ్యాలి, మోతాదు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. ఇది వాంతిని బాగా ఆపుతుంది, వికారాన్ని మాత్రం అంత బాగా ఆపదు. అందుకే మాత్ర వేశాం కదా అని శిక్షణ మానేస్తే కుదరదు. అంతకుముందు ఈ దంపతులు మనుషులు వేసుకునే వాంతి మాత్రలో సగం ముక్క వేసి చూశారట. అలాంటిది చెయ్యకండి.

కొత్త ప్లాన్‌లో కారు లోపల తిండి పూర్తిగా బంద్. రెండు వారాలు చికెన్ అన్న మాటే లేదు. దాని బదులు బొంత వచ్చింది.

బొంత గురించి కాస్త చెప్పాలి. అమ్మమ్మగారు పాత నేత చీరలు మడిచి కుట్టి పంపిన చిన్న బొంత అది, పిల్లలకి వేసేంత. అంచులు ఎర్ర దారంతో, కుట్లు అక్కడక్కడా వంకర. సోఫా పక్కన మడిచి ఉంటే జున్ను దాని మీదే పడుకునేది. దాన్నే పాఠం చేశాం. బొంత పరిస్తే వెళ్లి పడుకోవాలి, "భేష్" అన్నాక బహుమతి, "పద" అంటే లేవాలి. మొదట హాల్లో, తర్వాత బాల్కనీలో, కారిడార్‌లో, సెల్లార్‌లో కారుకి ఇరవై అడుగుల దూరంలో. బొంత ఎక్కడ పరిస్తే అక్కడ ఇల్లు, అన్నది దానికి ఎక్కాలి. రోజుకి మూడు నాలుగు నిమిషాలు, రెండుసార్లు. అంతకు మించి వద్దని గట్టిగా చెప్పాను.

మాటల గొడవ కూడా ఇక్కడే బయటపడింది. భర్త "సిట్" అంటాడు, భార్య "కూర్చో" అంటుంది, అత్తగారు "కూకో" అంటారు. జున్ను ముగ్గురి వైపూ చూసి ఆవులిస్తుంది. ఒక కాగితం మీద ఏడు మాటలు రాసి ఫ్రిజ్ మీద అతికించాం. అత్తగారు "నాకు సిట్ గిట్ రాదు బాబూ" అన్నారు. సరే, "కూకో" గెలిచింది. కుక్కకి ఏ భాషైనా ఒకటే, ఇంట్లో వాళ్లంతా ఒకే మాట అంటే చాలు.

అక్టోబరు మొదటి వారానికి బొంత వెనక సీటు మీదకి చేరింది. ఇంజిన్ ఆఫ్, రెండు వైపులా తలుపులు బార్లా. ఎక్కొచ్చు, అవతలి వైపు దిగిపోవచ్చు, ఎవరూ ఆపరు. బహుమతి కారు బయట, నేల మీద చల్లిన పనీర్ ముక్కల రూపంలో. నాలుగో రోజున ఎక్కి అక్కడే కూర్చుండిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మాత్రం తలుపు వెయ్యనివ్వలేదు. అక్కడ తొందరపడితే మళ్లీ మొదటికి వస్తుంది. తలుపులు వెయ్యడానికి ఇంకో వారం, ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి ఇంకో ఐదు రోజులు పట్టింది.

అంతకుముందు దాన్ని డిక్కీలో కూర్చోబెట్టేవారు, సీటు పాడవకూడదని. చిన్న కారుల్లో డిక్కీ వెనక చక్రాల పైన, ఇంకా వెనక్కి ఉంటుంది. కుదుపు అక్కడే ఎక్కువ. వెనక సీటుకి మార్చాం. ఛాతీ మీద వేసే హార్నెస్‌కి సీట్ బెల్ట్ పట్టీ తగిలించాం. మెడ కాలర్‌కి మాత్రం ఎప్పుడూ తగిలించకూడదు, సడన్ బ్రేక్ పడితే మెడకి ప్రమాదం. కిటికీ రెండు అంగుళాలు కిందికి. బయల్దేరే ముందు నాలుగు గంటలు తిండి లేదు, నీళ్లు మాత్రం ఇవ్వొచ్చు.

ఇక డ్రైవరు. భర్త మంచి మనిషే గానీ బ్రేకు మీద కాలు బరువు. కాలనీలో ప్రతి వంద అడుగులకీ ఒక స్పీడ్ బ్రేకర్. ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి కప్ హోల్డర్‌లో పెట్టి, "కుక్క లేకుండా మీరొక్కరే కాలనీ రౌండ్ వేసి రండి" అన్నాను. సగం గ్లాసుతో తిరిగొచ్చాడు, ప్యాంటు తడిసింది. ఆ వారమంతా ఆఫీసుకి గ్లాసుతోనే వెళ్లాడట. శుక్రవారానికి ముప్పావు గ్లాసు మిగిలింది. ఈ కేసులో నేను ఇచ్చిన శిక్షణల్లో బాగా పనిచేసింది ఇదేనని నా అనుమానం.

మొదటి ప్రయాణం 300 మీటర్లు. అది దొరికిన ఖాళీ ప్లాటు దాకా. దిగాక పావుగంట గడ్డిలో వాసనలు చూడనిచ్చి, తిరిగి నడిపించుకుని ఇంటికి తెచ్చేవాళ్లు. అలా వారం. తర్వాత కిలోమీటరు, తర్వాత కొండాపూర్ డాగ్ పార్క్. వీడియోలో గుటకలు మొదలయ్యే నిమిషం ఎంత వెనక్కి జరుగుతోందో ఆమె ఒక నోట్‌బుక్‌లో రాసేది. మూడున్నర నిమిషాల నుంచి తొమ్మిది, పద్నాలుగు, ఒకరోజు ఇరవై రెండు.

ఇంతలో దీపావళి. పక్క బ్లాకు వాళ్లు సెల్లార్ ర్యాంపు దగ్గరే లక్ష్మీ బాంబులు కాల్చారు. జున్ను మంచం కిందికి దూరి తెల్లారేదాకా రాలేదు. తర్వాత నాలుగు రోజులు సెల్లార్‌లోకే దిగనంది. పదిహేను రోజుల పని పోయింది. బొంతని మళ్లీ హాల్లో పరిచి మొదటి నుంచి వచ్చాం. రెండోసారి తొందరగానే వచ్చింది, కానీ బాణసంచా భయం అలాగే ఉండిపోయింది.

మధ్యలో ఒకసారి రైలు గురించి అడిగారు. కుక్క మనతోపాటే రావాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మనకే ఉండాలి, అది దొరుకుతుందో లేదో చార్ట్ తయారయ్యే దాకా తెలియదు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లలో కుదరదు. మిగిలింది గార్డు పెట్టెలో డాగ్ బాక్స్. చీకటి, చప్పుడు, తెలిసిన మనిషి లేడు. జున్ను లాంటి కుక్కకి అది నేను చచ్చినా చెప్పను. అయినా రాజమండ్రిలో దిగి మళ్లీ కారే కదా ఎక్కాల్సింది.

డిసెంబరులో రిహార్సల్. తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, చౌటుప్పల్ దాటాక వచ్చే పంతంగి టోల్ గేట్ దాకా వెళ్లి రావడం. మాత్ర వేశాం. గంటన్నర పడుకునే ఉంది. వాంతి లేదు. అసలు కష్టం రోడ్డు కాదు, ఊరు. అక్కడ కోళ్లు, గేదెలు, గంగిరెద్దులు. గేదెలు మియాపూర్ చుట్టుపక్కల దొరికాయి. కోళ్ల కోసం మాత్రం చికెన్ షాపే దిక్కు. షాపు ముందు గంపలో కోళ్లు కనిపించేంత దూరంలో బొంత పరిచి కూర్చునేవాళ్లు. కోడిని చూసి మళ్లీ మన మొహం చూస్తే "భేష్", పనీర్. కొట్టతను మూడో రోజు వచ్చి "ఏం మేడం, కోళ్లకి కాపలానా?" అని అడిగాడట.

భోగికి మూడు రోజుల ముందు బయల్దేరారు. మాత్ర వెయ్యడానికి రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచింది భర్తే. నాలుగింటికి కారు కదిలింది. మేం లెక్క వెయ్యనిది ఒక్కటే, రిహార్సల్ రోజు పంతంగి వేరు, పండగ పంతంగి వేరు. ఊరికెళ్లే జనమంతా అక్కడే. అడుగు వెయ్యడం, ఆగడం, అడుగు వెయ్యడం, ఆగడం. ఆరూ ఇరవైకి నాకు మెసేజ్: "చొంగ మొదలైంది. టెన్షన్‌గా ఉంది." టోల్ దాటగానే పెట్రోల్ బంక్‌లో ఆపి ఇరవై నిమిషాలు నడిపించమన్నాను. ధాబాల దగ్గర వద్దన్నాను. అక్కడ తిండికి అలవాటు పడ్డ కుక్కల గుంపులుంటాయి, కొత్త కుక్క దిగితే మీదపడతాయి. ముందు మనిషి దిగి చుట్టూ చూసి, లీష్ కొస చేతికి చుట్టుకుని, ఆ తర్వాతే తలుపు తియ్యాలి. ఇలాంటి హైవే స్టాపుల్లో తలుపు తియ్యగానే దూకి తప్పిపోయిన కుక్కలు నాకు తెలుసు.

కోదాడలో ఒకసారి, విజయవాడ దాటాక ఒకసారి, తణుకులో ఒకసారి. సిద్ధాంతం వంతెన మీద గోదావరి పాయ వశిష్ఠ గాలి తగలగానే జున్ను లేచి కిటికీ సందులో ముక్కు పెట్టింది. అంతదాకా పడుకునే ఉన్న కుక్క. మధ్యాహ్నం మూడున్నరకి ఊరు చేరారు. వాంతి లేదు.

ఊళ్లో సంగతులు ఆమె రాత్రి ఫోన్ చేసి చెప్పింది. అమ్మమ్మగారు ఈ బొంత పాఠమంతా విని "ఆయ్, కుక్కకి కూడా ట్యూషనా అండీ?" అన్నారట. మేనమామగారింట్లో బాదం పప్పులు తినే పందెం పుంజు ఉంది. ఆయన మొదటి రోజే హెచ్చరించాడు, "దాని ఈక ఊడితే నీ కుక్కనీ కారునీ కలిపి అమ్మినా తీరదే పిల్లా." పుంజు ఎదురైతే జున్ను ఆగి, ఒక క్షణం బిగుసుకుని, ఆమె మొహంలోకి చూసింది. ఆ ఒక్క చూపు కోసమే చికెన్ షాపు ముందు కూర్చున్న ఆ సాయంత్రాలన్నీ. గంగిరెద్దు సన్నాయికి మాత్రం మా తయారీ ఏదీ సరిపోలేదు, పెరట్లోకి పరుగు. పోనిచ్చారు, బలవంతం చెయ్యలేదు. సరిగ్గా చేశారు.

భోగి రోజు తెల్లవారుజామున బయటి చప్పుళ్లు దానికి వినపడకుండా లోపలి గదిలో ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, రేడియో వేసి, ఒకరు తోడుగా కూర్చున్నారు. కనుమనాటి ప్రభల తీర్థానికి తీసుకెళ్దామని పిల్లలు గొడవ చేశారట. ఆ జనంలోకి, ఆ బాణసంచాలోకి వద్దని చెప్పాను. తిండి విషయంలో ఒక్క నియమమే పట్టుబట్టాను, పరమాన్నం, లడ్డూ పెట్టొద్దని. వాటిలో వేసే కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలని పాడు చేస్తుంది, ఎంత తింటే ముప్పో ముందు చెప్పలేం. ఎవరో పిల్లాడు అరిసె ముక్క పెట్టాడు, ఒకరోజు విరేచనాలు, పెరుగన్నంతో సర్దుకుంది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు తిరుగు ప్రయాణం. అదృష్టవశాత్తూ దానికి ముందు రోజంతా విశ్రాంతి దొరికింది. రావులపాలెం దాకా వచ్చాక తెలిసింది, బొంత అరుగు మీదే మర్చిపోయారని. నాకు ఫోన్ చేశారు, కంగారుగా. వెనక్కి వెళ్లొద్దు, ఏముంటే అది పరిచి చూడండి అన్నాను. ఆమె శాలువా పరిచింది. జున్ను దాని మీద రెండు చుట్లు తిరిగి పడుకుంది. హైదరాబాద్ దాకా ఒక్కసారి చొంగ, సూర్యాపేట దగ్గర.

ఇందులో శిక్షణ వాటా ఎంత, వయసు వాటా ఎంత? జనవరికి దానికి పది నెలలు. లోపలి చెవి తనంతట తనే కుదురుకునే వయసు. మేం ఏమీ చెయ్యకపోయినా వాంతులు తగ్గేవేమో. కానీ సెల్లార్‌లో పిల్లర్ వైపు తిరిగి కూర్చున్న ఆ కుక్క తనంతట తను కారెక్కేది కాదని నా నమ్మకం. బాణసంచా భయం మీద ఇంకా పని చేస్తున్నాం. చికెన్ ఇప్పటికీ ముట్టదు. ఆ అప్పు నాది.

పోయిన వారం అమ్మమ్మగారు ఫోన్‌లో చెప్పారట, ఆ బొంత మీద ఇప్పుడు ఇంట్లో పిల్లి పడుకుంటోందని, జున్నుకి కొత్తది కుడుతున్నానని. "మీ కుక్కల మాస్టారుగారికి కూడా ఒకటి కావాలేమో కనుక్కోండి, పాత చీరలు ఇంకా ఉన్నాయి" అన్నారట. కావాలని చెప్పాను.